ఆన్‌లైన్ విద్యలో పెద్దవయసు విద్యార్థులు: అభ్యాసక సహాయం

ఉద్యోగం, సంసారం, పిల్లల పెంపకం మధ్య ఇంటర్నెట్ ద్వారా డిగ్రీనో, డిప్లొమానో, విడి కోర్సునో చదివే పెద్దలు మధ్యలో ఆగిపోకుండా విద్యాసంస్థలు చేసే ఏర్పాట్లను అభ్యాసక సహాయ సేవలు అంటారు. అడ్మిషన్‌కు ముందు ఇచ్చే సలహా, అసైన్‌మెంట్ల మీద అధ్యాపకుల వ్యాఖ్యలు, తోటివారితో చర్చ, ఫీజు వాయిదాలు, పరీక్ష తేదీల్లో వెసులుబాటు ఇందులోకి వస్తాయి. అక్షరాస్యత కోసం నడిపే వయోజన విద్యా కార్యక్రమాల నుంచి ఇవి వేరు.

దూరవిద్య వారసత్వం

ఈ సేవలు ఇంటర్నెట్ కంటే పాతవి. బ్రిటన్‌లో 1969లో ఏర్పడి 1971లో బోధన ప్రారంభించిన ఓపెన్ యూనివర్సిటీ ముందస్తు అర్హతలు అడగకుండానే విద్యార్థులను చేర్చుకుంది. బీబీసీలో వచ్చిన పాఠాల వల్ల దానికి పేరొచ్చింది గానీ, విద్యార్థులను నిలబెట్టడంలో ట్యూటర్ల పాత్ర అంతకంటే పెద్దది. పోస్టులో వచ్చిన అసైన్‌మెంట్‌ను చదివి, మార్కులతో పాటు ఎక్కడ, ఎందుకు తప్పారో రాసి పంపడం వారి పని. ఆ వ్యాఖ్యలే చాలామందికి తరగతి గది.

భారతదేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్ కేంద్రంగా ఏర్పడింది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. తొలి ఉపకులపతి జి. రామిరెడ్డి 1985లో జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నోకూ తొలి ఉపకులపతి అయ్యారు. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఇంటర్ లేనివారికి అర్హత పరీక్ష ద్వారా డిగ్రీలో ప్రవేశం కల్పించడం, ఊళ్లలోని కాలేజీల్లోనే అధ్యయన కేంద్రాలు పెట్టి సెలవు రోజుల్లో తరగతులు నడపడం తెలుగునాట ఎందరికో మళ్లీ చదువుకునే దారి చూపాయి.

మానేయడానికి కారణాలు

పెద్దలు చదువు ఆపేస్తే శ్రద్ధ లేదని తేల్చేయడం అన్యాయం. అమెరికన్ పరిశోధకులు బీన్, మెట్జ్నర్ 1985లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం ఇలాంటి విద్యార్థుల విషయంలో కాలేజీ లోపలి పరిస్థితుల కంటే పని వేళలు, డబ్బు, కుటుంబ బాధ్యతలు, ఇంట్లో దొరికే ప్రోత్సాహం బలంగా పనిచేస్తాయి. పాఠం ఎంత బాగున్నా షిఫ్టు మారితే, ఇంట్లో ఒకరు మంచాన పడితే లాగిన్ ఆగిపోతుంది. అందుకే గడువు ఒక వారం పెంచడం, ఒక సెమిస్టర్ ఆగి ఫీజు నష్టపోకుండా తిరిగి చేరనివ్వడం వంటి నిబంధనలు ఖరీదైన స్టూడియో వీడియోల కంటే ఎక్కువ మేలు చేస్తాయి.

పెద్దల అభ్యాసంపై అమెరికన్ విద్యావేత్త మాల్కమ్ నోల్స్ చేసిన రచనలను ఈ రంగంలో తరచుగా ప్రస్తావిస్తారు. ఎందుకు నేర్చుకుంటున్నామో పెద్దలకు తెలియాలి, వారి అనుభవాన్ని పాఠంలోకి తీసుకోవాలి, తమ చదువును తామే నడుపుకునే స్వేచ్ఛ ఇవ్వాలి అన్నది ఆయన వాదం. చివరి మాటను సాకుగా తీసుకుని విద్యార్థిని ఒంటరిగా వదిలేయడం మాత్రం దుర్వినియోగమే. పది మంది చేత పని చేయించే సూపర్‌వైజర్ కూడా ఇంటర్ తర్వాత చాలా ఏళ్లకు మొదటి ఆన్‌లైన్ క్విజ్ తెరవడానికి జంకవచ్చు. మొదటి వారాల్లో ఒక ఫోన్ కాల్, మార్కులు లెక్కలోకి రాని ఒక చిన్న అభ్యాసం ఆ బెరుకు పోగొడతాయి.

దూరవిద్యలో దూరాన్ని కిలోమీటర్లలో కొలవకూడదని దూరవిద్యా పరిశోధకుడు మైఖేల్ మూర్ సిద్ధాంతీకరించారు. అధ్యాపకులకు, విద్యార్థికి మధ్య సంభాషణ తగ్గి, కోర్సు చట్రం బిగిసినకొద్దీ ఆ దూరం పెరుగుతుంది. విద్యార్థి తనంతట తాను చదువుకోగల శక్తి కూడా అంతే ఎక్కువగా అవసరమవుతుంది.

భారతీయ వేదికలు

2017 జూలైలో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయంలో ప్రతి కోర్సుకూ వీడియో పాఠాలు, చదవాల్సిన సామగ్రి, స్వీయ పరీక్షలు, చర్చా వేదిక అనే నాలుగు అంగాలుంటాయి. ఇలాంటి ఉచిత కోర్సుల్లో చేరినవారిలో పూర్తి చేసేవారు ప్రపంచమంతటా తక్కువే. కొందరు కావలసిన రెండు పాఠాలు చూసి వెళ్లిపోతారు. వారిని విఫలులుగా లెక్కించడం తగదు. అయితే పూర్తి చేయాలనుకుని కూడా జారిపోయేవారిని గుర్తించి పలకరించే మనిషి వేలాది మంది ఉన్న కోర్సులో సాధారణంగా ఉండరు.

ఐఐటీ మద్రాస్ 2020లో ప్రకటించిన ప్రోగ్రామింగ్, డేటా సైన్స్ ఆన్‌లైన్ డిగ్రీ మరో పద్ధతి అనుసరించింది. ప్రవేశం కోరేవారికి ముందు నాలుగు వారాల పాఠాలు చెప్పి, ఆ పాఠాల మీదే అర్హత పరీక్ష పెడుతుంది. డిగ్రీ దాకా చదవలేనివారు డిప్లొమాతోనైనా బయటకు రావచ్చు. జీవితం ఎప్పుడు అడ్డం తిరుగుతుందో తెలియని వారికి ఈ మెట్లు ఎంతో అవసరం.

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి ఇంగ్లీషు వీడియోలు అదనపు భారం. ఒకే ఫోన్‌ను ఇంట్లో పిల్లలతో పంచుకునే తల్లికి రాత్రి ఏడు గంటల లైవ్ క్లాసు వంటపని వేళకే వస్తుంది. రికార్డింగ్, తక్కువ డేటాతో దిగే ఆడియో, తెలుగులో సందేహం అడిగే వీలు ఉంటే ఆమె చదువు సాగుతుంది.

గుర్తింపు

ఆన్‌లైన్, దూరవిద్య డిగ్రీలకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2020 నిబంధనలు వర్తిస్తాయి. ఇంజినీరింగ్, వైద్యం, నర్సింగ్, న్యాయశాస్త్రం వంటి కోర్సులను ఈ విధానంలో అనుమతించరు. చేరే ముందు ఆ సంస్థ, ఆ కోర్సు యూజీసీ దూరవిద్యా విభాగం అనుమతి జాబితాలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. అసైన్‌మెంట్లు ఎవరు దిద్దుతారో, సందేహానికి ఎన్ని రోజుల్లో జవాబిస్తారో కూడా ఫీజు కట్టక ముందే అడగాలి.