హెడ్ గాస్కెట్

ఇంజను బ్లాకుకు, దానిపై మూతవలె బిగించే సిలిండర్ హెడ్డుకు మధ్యనుండే పలుచని పొరను హెడ్ గాస్కెట్ అంటారు. ఇది మండిన వాయువులు, నీరు, ఆయిలు ఒకదానితో ఒకటి కలవకుండా ఆపుతుంది.

లీకు లక్షణాలు
రేడియేటరులో బుడగలు రావడం, పొగగొట్టం నుండి తెల్లని పొగ, ఆయిలు పాలటీ రంగుకు మారడం.

కారణాలు
పాత ట్రాక్టరుకు కొత్త గాస్కెట్ వేసినా మళ్ళీ లీకైతే, లోపం తరచుగా వేరేచోట ఉంటుంది. వరిమడిలో దమ్ము చేసేటప్పుడు రేడియేటరు రెక్కలు బురద, గడ్డితో పూడుకుపోతే ఇంజను వేడెక్కి హెడ్డు వంగుతుంది. లైనర్ల ఎత్తులో తేడా ఉన్నా గాస్కెట్ నిలువదు.

మరమ్మతు
హెడ్డుపై తిన్నని ఉక్కు బద్దనుంచి, ఫీలర్ గేజితో సందు కొలవాలి. అది తయారీదారు చెప్పిన పరిమితిని మించితే హెడ్డును చదును చేయించాలి. బోల్టు రంధ్రాలలోని నీరు, ఆయిలు తుడిచి, బోల్టులను మధ్యనుండి అంచులకు విడతలవారీగా టార్క్ రెంచితో బిగించాలి. రేడియేటరును శుభ్రపరచకపోతే ఈ శ్రమంతా వృథా.