స్త్రీలలో మొలలకు ఇంటివైద్యం: ఉప్పల్, నాచారం

మలద్వారంలోని రక్తనాళాలు ఉబ్బి నొప్పి, దురద, రక్తస్రావం కలిగించే వ్యాధిని మొలలు, మూలశంక, పైల్స్ అంటారు. హైదరాబాదు తూర్పున ఒకప్పటి పల్లెలైన ఉప్పల్, నాచారం నేడు పరిశ్రమలు, బస్తీలు, అపార్ట్‌మెంట్లతో నిండిపోయాయి. మొలలకు ఇక్కడి ఇళ్లలో తెలిసిన మందులు తెలంగాణ అంతటా ఉన్నవే.

పూర్వచరిత్ర

సుశ్రుత సంహిత మొలలకు మందు, క్షారం, అగ్నికర్మ, శస్త్రం అని నాలుగు మార్గాలు చెప్పింది. చరక సంహిత మజ్జిగను మెచ్చుకుంది. జెముడు పాలు, పసుపు పట్టించిన దారంతో మొలలను కట్టే పద్ధతిని 11వ శతాబ్దపు చక్రపాణిదత్తుడు వర్ణించాడు. ఉత్తరేణి క్షారం కూడా చేర్చిన ఈ క్షారసూత్ర చికిత్సకు 1960లలో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో మళ్లీ ప్రాణం వచ్చింది.

ఇంటి మందులు

కంద దుంప కూర, పలుచని మజ్జిగలో జీలకర్ర, రాత్రిపూట కరక్కాయ లేదా త్రిఫల చూర్ణం, నానబెట్టిన ఇసబ్‌గోల్, అత్తిపత్తి ఆకు ముద్ద, గోరువెచ్చని నీళ్ల తొట్టిలో కూర్చోవడం ముఖ్యమైనవి. వీటిలో ఇసబ్‌గోల్ వంటి పీచుకు గట్టి ఆధారం ఉంది: పీచు తీసుకున్నవారిలో రక్తస్రావం దాదాపు సగానికి తగ్గుతుందని 2005 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. గోరువెచ్చని నీరు నొప్పికి ఉపశమనం ఇస్తుంది. జొన్నరొట్టె తగ్గి పాలిష్ పట్టిన బియ్యం పెరగడంతో తిండిలో పీచు తగ్గింది.

స్త్రీల ప్రత్యేక పరిస్థితి

గర్భిణిలో పెరిగే గర్భాశయం సిరలను నొక్కుతుంది. హార్మోన్ల వల్ల పేగుల కదలిక మందగిస్తుంది. ఐరన్ మాత్రలు మలాన్ని గట్టిపరుస్తాయి. కాన్పులో ముక్కడం వీటికి తోడవుతుంది. ఆపైన కొన్ని ఇళ్లలో బాలింత పథ్యం పేరిట నీళ్లు, ఆకుకూరలు తగ్గిస్తారు. ఇది మేలు చేయదు, మలబద్ధకాన్ని పెంచుతుంది. గర్భిణులు ఆముదం, నేలతంగేడు వంటి విరేచన మందులను సొంతంగా వాడరాదు.

తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) చెబుతోంది. అటువంటి ఒంట్లోంచి నెలల తరబడి కొద్దికొద్దిగా రక్తం పోవడం చిన్న సంగతి కాదు. సిగ్గుతో దాచుకోవడం వల్లే చాలామంది ఆలస్యంగా చికిత్సకు వస్తారు.

నేటి స్థితి

నాచారంలో కార్మిక కుటుంబాలకు ఈఎస్ఐ ఆసుపత్రి, దగ్గరలోని రామంతాపూర్‌లో ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల ఉన్నాయి. ఆపరేషన్ లేకుండా నయం చేస్తామంటూ అర్హత లేనివారు వేసే సూదులు, పూసే ఘాటు క్షారాలు పుండ్లకు, మలద్వారం బిగుసుకుపోవడానికి దారితీయవచ్చు. క్షారసూత్రం కూడా శిక్షణ పొందిన వైద్యుల చేతిలోనే ఉండాలి.

మలంలో రక్తం కనిపిస్తే అది మొలలేనని ఇంట్లో నిర్ధారించుకోకూడదు. మలద్వార చీలికలు, పేగు క్యాన్సర్ కూడా అలాగే బయటపడతాయి. రక్తం ఆగకున్నా, బరువు తగ్గినా, మలవిసర్జన తీరు మారినా పరీక్ష తప్పనిసరి. కావాలంటే వైద్యురాలే పరీక్షించాలని ఏ స్త్రీ అయినా అడగవచ్చు.