కొత్త స్టీలు మీది ప్లాస్టిక్ పొర: ఎందుకు వచ్చింది, ఎప్పుడు తీయాలి?

ఈరోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. కొత్త ఫ్రిజ్ మీద, మెట్ల రెయిలింగ్ మీద, లిఫ్టు తలుపు మీద ఒక పలచటి ప్లాస్టిక్ పొర అంటుకొని ఉంటుంది చూశారా, ఈరోజు దాని కథ చెప్పుకుందాం. ఒక్కోసారి నీలంగా ఉంటుంది, ఒక్కోసారి నలుపు తెలుపుగా ఉంటుంది. మన తిరుపతి, చిత్తూరు వైపు చాలా ఇళ్ళల్లో దాన్ని తీయరు. "ఉండనీలేప్పా, గీతలు పడకుండా ఉంటాది" అంటారు. ఫోను స్క్రీన్ గార్డు లాంటిదే కదా అని మీరు కూడా అనుకోవచ్చు. కాదు. ఎందుకు కాదో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మన పాత ఇళ్ళల్లో అటక మీద చూడండి. ఇత్తడి గుండిగలు, తపేలాలు, రాగి బిందెలు ఉంటాయి. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. అందులో చింతపండు పులుసు కాస్తే, పులుపు రాగిని కరిగిస్తుంది. చిలుము పడుతుంది, రుచి చెడిపోతుంది, కడుపు కూడా చెడుతుంది. అందుకని లోపల తగరం పూత వేయించేవాళ్ళు. దాన్నే కళాయి అంటాం.

కళాయి పోసేవాళ్ళు వీధిలోకే వచ్చి, నేలలో చిన్న గుంట తీసి, బొగ్గుల పొయ్యి పెట్టి, తిత్తితో గాలి కొట్టేవాళ్ళు. గిన్నె బాగా కాలినాక నవాసారం చల్లితే తెల్లటి పొగ వస్తుంది, లోపలి మురికి పోతుంది. అప్పుడు తగరం కడ్డీ తాకిస్తే కరుగుతుంది. తగరం 232 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది కాబట్టి బొగ్గుల వేడి చాలు. దూది గుడ్డతో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె లోపలంతా వెండిలా తెల్లగా మెరుస్తుంది. కొన్ని నెలలు వాడితే ఆ పూత అరిగిపోతుంది, మళ్ళీ పోయించుకోవాలి. అంటే ఈ పొరను మనిషే వేయాలి, అరిగినప్పుడల్లా మళ్ళీ వేయాలి.

ఇక రెండో పొర. 1913లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ అనే ఆయన తుపాకీ గొట్టాలు తొందరగా పాడవకుండా ఉండే ఉక్కు కోసం ప్రయోగాలు చేస్తున్నాడు. సుమారు 13 శాతం క్రోమియం కలిపిన ఉక్కు తుప్పు పట్టడం లేదని గమనించాడు. ఆ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, ఉక్కు మీద కంటికి కనపడని పొర కట్టుకుంటుంది. మందం కొన్ని నానోమీటర్లే. మన వెంట్రుక మందంలో పదివేల వంతు కూడా ఉండదు. గీత పడినా, గాలి తగిలితే చాలు, ఆ చోట మళ్ళీ తనంతట తనే కట్టుకుంటుంది. కళాయి ఆయన్ని పిలవాల్సిన పనే లేదు.

మనకు దగ్గర్లో, వేలూరు, కృష్ణగిరి దాటి పోతే వచ్చే సేలంలో ప్రభుత్వ స్టెయిన్‌లెస్ స్టీలు ఫ్యాక్టరీ 1981లో మొదలైంది. పాత బట్టలు తీసుకొని స్టీలు గిన్నెలు ఇచ్చేవాళ్ళు వీధుల్లోకి వచ్చారు. పెళ్ళికి ఇచ్చే బిందె మీద షాపులోనే పేరు కొట్టించడం అలవాటైంది. ఇత్తడి అటకెక్కింది. కళాయి కేక మెల్లగా వినపడకుండా పోయింది.

అయితే ఈ క్రోమియం పొర తుప్పును ఆపుతుంది గానీ, గీతల్ని ఆపదు. షీటు ఫ్యాక్టరీలో చుట్టగా బయల్దేరి, కోత పడి, వంగి, లారీలో ఊగి, ఇంటికి వచ్చేలోపు మెరుపంతా పోతే కొనేదెవరు? ఇక్కడే మూడో పొర అవసరం పడింది. దాంట్లో అసలు చిక్కు ఏమిటంటే, గట్టిగా అంటుకోవాలి, అడిగినప్పుడు శుభ్రంగా ఊడి రావాలి. అలాంటి టేపును 1925లో అమెరికాలో 3ఎం కంపెనీలో పనిచేసే రిచర్డ్ డ్రూ తయారుచేశాడు. కార్లకు రెండు రంగులు వేసేవాళ్ళు కాగితం అంటించి పీకితే పెయింటు కూడా ఊడొస్తోందని తిట్టుకోవడం చూసి, మాస్కింగ్ టేపు కనిపెట్టాడు. 1933లో ఇంగ్లండ్‌లో ఫాసెట్, గిబ్సన్ అనే ఇద్దరి ప్రయోగంలో పాలిథిన్ అనుకోకుండా దొరికింది. ఊడొచ్చే జిగురు, పలచటి పాలిథిన్. ఈ రెండూ కలిస్తే మీ ఫ్రిజ్ మీది పొర.

ఇప్పుడు ఎంపిక సంగతి. ఫిల్మ్ ఏది వేయాలి అంటే నాలుగు ప్రశ్నలు. ఒకటి, స్టీలు ముఖం ఎలా ఉంది? అద్దంలా నున్నగా ఉంటే తక్కువ జిగురు చాలు. బ్రష్ గీతలున్నదైతే జిగురు పైపైనే తాకుతుంది కాబట్టి కొంచెం గట్టి జిగురు కావాలి. రెండు, దాంతో ఏం పని చేస్తారు? సింకు లాగా లోతుగా నొక్కేదానికి సాగే మందమైన ఫిల్మ్ కావాలి. లేజర్‌తో కోసేదానికి లేజర్ కోసమే చేసినది కావాలి, లేకపోతే ఫిల్మ్ బుడగలెత్తి కోత పాడవుతుంది. మూడు, ఎండలో ఉంటుందా? అయితే నలుపు తెలుపు ఫిల్మ్ మేలు. పై తెలుపు ఎండను తిప్పికొడుతుంది, లోపలి నలుపు జిగురును కాపాడుతుంది. నాలుగు, అన్నిటికంటే ముఖ్యం: ఎన్నాళ్ళు ఉంటుంది? అనుమానం ఉంటే చిన్న ముక్క అంటించి, కొన్ని రోజులు ఎండలో పెట్టి, పీకి చూడాలి.

ఎందుకింత జాగ్రత్త అంటే, మన తిరుపతి మే నెల ఎండ మీకు తెలుసు కదా, 40 డిగ్రీలు దాటుతుంది. డాబా మీది స్టీలు రెయిలింగ్ అంతకంటే ఎక్కువ కాలుతుంది. ఆ వేడికి ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, జిగురు స్టీలుకే పట్టుకుంటుంది. పీకితే గోరంత ముక్కలుగా వస్తుంది. అంచు లేచిన చోట ఉప్పు నీళ్ళు లోపలికి దిగితే, అక్కడ గాలి ఆడదు. గాలి లేకపోతే ఆ కనపడని క్రోమియం పొర తనను తాను బాగుచేసుకోలేదు. కాపాడాల్సిన ప్లాస్టిక్ కిందే గోధుమ రంగు మచ్చలు మొదలవుతాయి.

ఇంకో పెద్ద శత్రువు గృహప్రవేశానికి ముందు టైల్స్ కడిగే యాసిడ్. "ఫిల్మ్ ఉంది కదా, ఏం కాదులే" అని రెయిలింగ్ పక్కనే పోసి కడుగుతారు. ఆ యాసిడ్ చుక్కలు, ఆవిరి అంచుల్లోంచి లోపలికి పోతాయి. స్టెయిన్‌లెస్ స్టీలుకు అది విషం. నెల తర్వాత ఫిల్మ్ తీస్తే మచ్చలు. వెంటనే ఏమంటారు? "వెల్డింగాయన డూప్లికేట్ స్టీలు వేసినాడు" అంటారు. మిగతా డబ్బులు ఆపేస్తారు. నిజంగానే నాసిరకం స్టీలు వేసేవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ ఒక మనిషి కూలి ఆపే ముందు, అక్కడ యాసిడ్ ఎవరు పోశారు, ఫిల్మ్ ఎన్నాళ్ళు ఎండలో ఉంది అని అడగాలి కదా?

తీసే పద్ధతి సులువు. నీడపట్టున, ఒక మూల నుంచి, మెల్లగా, వెనక్కి మడిచినట్టు లాగండి. మొండికేస్తే హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం వేడి చేయండి. కొత్త స్టీలు గిన్నె స్టిక్కర్ ఊడకపోతే మన అమ్మలు పొయ్యి మీద వెచ్చ చేసి పీకుతారు చూడండి, అదే సూత్రం. మిగిలిన జిగురుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి గుడ్డ, తర్వాత సబ్బు నీళ్ళు, పొడి గుడ్డ. ఇనుప పీచు వద్దు, దాని ఇనుప పొడి అక్కడే చిక్కుకొని తుప్పు పడుతుంది. బ్లీచింగ్ కూడా వద్దు.

ఇదంతా తెలిస్తే ఇంటికే కాదు, ఉద్యోగానికి కూడా పనికొస్తుంది. మన సత్యవేడు పక్క శ్రీసిటీలో ఏసీలు తయారవుతున్నాయి. 2025 మేలో అక్కడే ఎల్‌జీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. మీలో కొందరు రేపు అలాంటి చోట షీటు పట్టుకొని నిలబడతారు.

గుర్తుపెట్టుకోండి. కళాయి మనం మళ్ళీ మళ్ళీ వేసుకోవాలి. క్రోమియం పొర తనే వేసుకుంటుంది, గాలి ఆడనిస్తే చాలు. ప్లాస్టిక్ పొర మాత్రం పని అయిపోగానే మనమే తీయాలి. ఈరోజు ఇంట్లో ఫ్రిజ్ తలుపు ఒకసారి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.