సిరలోనికి ఎక్కిన ఉప్పునీరు

ఆసుపత్రినుండి ఇల్లు చేరిన రోగిని చూడవచ్చిన బంధువులు మొదట జ్వరమును గూర్చియు, పథ్యమును గూర్చియు అడుగుదురు. రోగి మాత్రము ముందుగా తన ముంజేయి చూపును. సెలైను ఎక్కించిన చోట చర్మము ఎఱ్ఱబారి, తాకిన నొప్పి పుట్టుచు, లోపల సన్నని త్రాడువలె గట్టిగా తగులుచుండును. సూది పోటు కదా, అదియే తగ్గునని పెద్దలు సరిపెట్టుదురు. పెక్కుసారులు అది నిజమే. కాని ఆ వాపునకు ఒక చరిత్ర కలదు. సెలైను చికిత్స ఎంత పాతదో, ఈ వాపును గూర్చిన హెచ్చరికయు అంత పాతది. మొదటిదానిని లోకము జ్ఞాపకముంచుకొన్నది. రెండవదానిని పలుమారు మఱచినది.

రక్తము దేహమున వలయముగా తిరుగుచున్నదని ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే 1628లో ప్రకటించెను. సిరలోనికి పంపిన మందు దేహమంతటికి చేరునను తలంపునకు అది ఆధారమైనది. 1656లో ఆక్స్‌ఫర్డునందు క్రిస్టఫర్ రెన్ పక్షి ఈకగొట్టమును ఒక తిత్తికి కట్టి, కుక్క సిరలోనికి మద్యమును, నల్లమందును ఎక్కించి చూచెను. లండనులోని సెయింటు పాల్ దేవాలయమును తరువాత నిర్మించిన శిల్పి ఈయనయే.

మనుష్యునికి ఈ విద్య అక్కఱకు వచ్చినది కలరా మూలమున. 1831లో ఆ వ్యాధి ఇంగ్లండు తూర్పు తీరమునందలి సండర్లండు రేవున ప్రవేశించెను. వాంతులు, విరేచనములతో దేహములోని నీరంతయు పోయి, రక్తము చిక్కబడినవారికి ఆనాటి వైద్యులు మఱల రక్తమే తీయుచుండిరి! విలియం బ్రూక్ ఓషానెసీ అను 22 ఏండ్ల యువవైద్యుడు రోగుల రక్తమును పరీక్షించి, అందు నీరు, లవణములు, క్షారము తగ్గిపోయినవని తేల్చెను. పోయినదానిని తిరిగి ఈయవలెనని ఆయన సూచించెను. ఈయనయే 1833లో కలకత్తా వచ్చి వైద్యశాస్త్రము బోధించి, పిదప మన దేశమున తంతి మార్గములు వేయించినవాడు.

సూచనను ఆచరణకు తెచ్చినది స్కాట్లండులోని లీత్ రేవున వైద్యము చేయుచుండిన థామస్ లాటా. 1832వ సంవత్సరము మే నెల. మొదటి రోగి ఒక వృద్ధురాలు. అన్ని మందులును విఫలమై కొనప్రాణముతో నుండెను. లాటా ఆమె చేతిసిరలో గొట్టము దూర్చి, ఔన్సు తరువాత ఔన్సుగా ఉప్పునీరెక్కించుచు ముఖము చూచుచుండెను. కొంతసేపు మార్పేమియు లేదు. పిమ్మట శ్వాస తేలికపడెను. గుంటలు పడిన కన్నులలో వెలుగు వచ్చెను. జారిపోయిన నాడి తిరిగి చేతికి దొరికెను. అరగంటలో ఎక్కినది ఆరు పైంట్లు, అనగా సుమారు మూడు లీటర్లు. ఆమె గట్టెక్కినదని తలచి లాటా వెడలిపోయెను. విరేచనములు తిరుగబెట్టి, ఐదున్నర గంటలలో ఆమె మరణించెను. మఱల ఎక్కించియుండిన బ్రదికెడిదని లాటా తుదవఱకు నమ్మెను.

తన అనుభవమును గూర్చి ఆయన వ్రాసిన లేఖ లాన్సెట్ అను వైద్యపత్రికలో అచ్చయ్యెను. అందొక చిన్న జాగ్రత్త చెప్పెను: ఒకే రంధ్రముగుండ రెండవసారి ఎక్కింపరాదు, సిరను మిక్కిలి సుకుమారముగా చూడవలెను, లేనిచో ఫ్లెబైటిసు, అనగా సిరాశోథము, పుట్టును. ఆ భయము ఊరక పుట్టలేదు. రక్తము తీసిన తరువాత సిర లోపొర వాచి చీము పట్టుటను జాన్ హంటర్ అను శస్త్రవైద్యుడు 1784లోనే వర్ణించియుండెను. రోగములకు సూక్ష్మజీవులు కారణమని ఎవరును ఎఱుగని కాలమది. లాటా 1833లో మరణించెను. ఆయన పద్ధతియు చాలకాలము మూలబడెను.

తరువాతి కథ వేగముగా నడచినది. 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో కలకత్తాయందు లియొనార్డు రోజర్సు గాఢమైన ఉప్పునీటితో కలరా మరణములను బాగుగా తగ్గించెను. సెలైను ఎక్కినపుడు వచ్చెడి వణకు జ్వరమునకు కారణము బట్టిపట్టిన నీటిలో సూక్ష్మజీవులు విడిచిన పదార్థమని 1923లో ఫ్లారెన్సు సీబర్ట్ చూపెను. 1950లో అమెరికాలోని మేయో క్లినిక్కు వైద్యులు ఉక్కుసూదిపై మెత్తని ప్లాస్టికు గొట్టము తొడిగిరి. సూదిని లాగివేసినను గొట్టము సిరలో నిలుచును. ఇది గొప్ప మేలు. రోగి చేయి కదలింపగలిగెను. కాని గొట్టము దినములకొలది లోపలనే యుండుటచే లాటా భయపడిన శోథమునకు తావు పెరిగెను.

ఇచట ఒక మాట. మనవారు సిరనుగూడ నరమనియే అందురు. నరమునకు సూది వేసిరన్నంతనే నరముల బలహీనత పట్టుకొనునని భయపడువారిని చూచియున్నాము. సూది దిగినది రక్తము నడచు సిరలోనికి. స్పర్శను తెలుపు నరములోనికి కాదు. వాపులలోను భేదము కలదు. గొట్టము సిరనుండి జాఱి ద్రవము కండలోనికి దిగినపుడు ఆ చోటు చల్లగా, పాలిపోయి, బిగిసి ఉబ్బును. సిరయే శోథించినపుడు వేడి, ఎఱుపు, త్రాడువంటి గట్టిదనము కనబడును. గొట్టపు రాపిడి, ఘాటైన మందు, సూక్ష్మజీవులు, ఈ మూడింటిలో ఏదైనను దీనికి కారణము కావచ్చును.

దీనిని నివారించుటకు మూడు నాలుగు దినములకొకసారి గొట్టము మార్చుట పెక్కు ఆసుపత్రులలో నియమమైనది. 2012లో ఆస్ట్రేలియా పరిశోధకులు 3,283 మంది రోగులను పరిశీలించిరి. గడువు ప్రకారము మార్చినవారిలోను, అవసరమైనపుడే మార్చినవారిలోను శోథము 7 శాతముగనే యుండెను. ఈ ఫలితము వెలువడినది లాటా లేఖను అచ్చువేసిన ఆ లాన్సెట్ పత్రికలోనే! గడువు లేకున్నను చూపు ఉండవలెను. వారి పద్ధతిలో దినదినము ఆ చోటు పరీక్షించుట అంతర్భాగము. మన ఆసుపత్రులలో ఒక నర్సు పెక్కుమంది రోగులను చూడవలసియుండుటచే, ఆ కనిపెట్టుట కొంత మంచము ప్రక్కనున్న ఇంటివారి వంతు అగుచున్నది. మంట పుట్టినదని రోగి చెప్పిన, సీసా పూర్తికానిమ్మని వారింపక, అప్పుడే నర్సును పిలువవలెను. నొప్పిపుట్టిన గొట్టమును తీసివేయుటయే మొదటి చికిత్స.

ఇంటికి వచ్చిన పిదప మిగిలిన ఎఱుపునకు చేయి ఎత్తుగా దిండుపై నుంచుటయు, వెచ్చని కాపడమును సాధారణముగా చాలును. ఎఱ్ఱని చాఱ పైకి ప్రాకినను, చీము కనబడినను, చలిజ్వరము వచ్చినను ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. నొప్పి కొలది దినములలో పోవును. గట్టిపడిన సిర మాత్రము కొన్ని వారములు వ్రేలికి తగులుచునే యుండును.