వేగం లెక్కలో చేరనివి

కంప్యూటర్ మెమరీ చరిత్రను తరాల చరిత్రగా చెబుతారు. పాదరసం గొట్టాలు, అయస్కాంత వలయాలు, సిలికాన్ చిప్‌లు, ఆ తర్వాత డీడీఆర్ ఒకటి నుంచి ఐదు దాకా. ప్రతి తరానికీ ఒక వేగం. ఆ వేగం వెనక తరచుగా ఒక మగ ఆవిష్కర్త. సాహిత్యం చదువుకున్న నేను ఈ చరిత్రలోకి వెళ్లింది ఒక మాట వెంటపడి. ఆ మాట 'లేటెన్సీ'. అడిగినదానికి జవాబు మొదలయ్యేదాకా పట్టే నిరీక్షణ అది. వేగం వేరు, నిరీక్షణ వేరు.

1949లో కేంబ్రిడ్జ్‌లో పని మొదలుపెట్టిన ఎడ్సాక్ యంత్రంలో అంకెలు పాదరసం గొట్టాల్లో ధ్వని తరంగాలై తిరిగేవి. కావలసిన అంకె గొట్టం చివరికి వచ్చేదాకా యంత్రం ఆగాల్సిందే. 1953లో ఎంఐటీవారి వర్ల్‌విండ్‌కి ఫెర్రైట్ వలయాల మెమరీ అమర్చాక ఆ వరుస పోయింది. ఏ వలయాన్నైనా నేరుగా అడగొచ్చు. జే ఫారెస్టర్ పేరు చరిత్రకెక్కింది. మరి ఆ తర్వాత ఫ్యాక్టరీల్లో పూసల్లాంటి లక్షల వలయాల్లోంచి తీగలు దూర్చింది ఎవరు? ఎక్కువగా స్త్రీలే.

చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో కంప్యూటర్లో ఇది మరీ స్పష్టం. తీగ వలయంలోంచి వెళితే ఒకటి, పక్కనుంచి వెళితే సున్నా. యంత్రభాషలో 36,864 పదాలు పట్టే ఆ మెమరీని మాసాచుసెట్స్‌లోని వాల్తమ్‌లో, రేథియాన్ ఫ్యాక్టరీలో, స్త్రీలు సూదులతో నేశారు. నేతకు వారాలు పట్టేది కనుక ప్రోగ్రాము రాసేవాళ్లు చాలా ముందే ముగించాల్సి వచ్చేది. ఇంజనీర్లు దానికి పెట్టుకున్న ముద్దుపేరు 'లిటిల్ ఓల్డ్ లేడీ' మెమరీ. ముసలమ్మల మెమరీ అన్నమాట! తీగ దారి తప్పితే ప్రోగ్రామే తప్పుతుంది. అంతటి పనికి దక్కింది ఆ వెక్కిరింత. మన చేనేత ఇళ్లలోనూ అంతే కదా. ఆసు పోసే, కండెలు చుట్టే ఆడవాళ్ల పని 'సాయం'. మగ్గం మీద కూర్చున్నవాడు నేతగాడు.

1970లో ఇంటెల్ 1,024 బిట్ల డీర్యామ్ చిప్ తెచ్చింది. కొన్నేళ్లలోనే వలయాలు వెనకబడ్డాయి. స్త్రీల చేతులు మాత్రం అవసరం తీరలేదు. 1972లో ఇంటెల్ మలేసియాలోని పెనాంగ్‌లో ఫ్యాక్టరీ తెరిచింది. ఆ దేశపు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో మైక్రోస్కోపుల మీద వంగి పనిచేసిన అమ్మాయిల గురించి, పని మధ్యలో వాళ్లకు పూనకాలు రావడం గురించి ఐవా ఓంగ్ 1987లో పుస్తకం రాసింది. మెమరీ తరాల పట్టికల్లో ఆ అమ్మాయిలకు గడి లేదు.

ఆ పట్టికల్లో నిరీక్షణా సరిగా కనిపించదు. డీర్యామ్‌లో ఒక్కో బిట్టూ చిన్న విద్యుదావేశం. అది కారిపోతుంటుంది. మామూలుగా 64 మిల్లీసెకన్లలోగా తిరిగి నింపకపోతే మరచిపోతుంది. అంత బలహీనమైన ఆవేశాన్ని పసిగట్టడానికి పట్టే సమయాన్ని పెద్దగా తగ్గించలేకపోయారు. అందుకని ఒక్కసారికి ఎక్కువ బిట్లు తోడే ఏర్పాటు చేశారు. మంచిరకం డీడీఆర్-400 సెకనుకు 40 కోట్ల సార్లు సమాచారం పంపుతుంది, డీడీఆర్5-6000 సెకనుకు 600 కోట్ల సార్లు. పదిహేను రెట్లు! కానీ తెరిచి ఉన్న వరుసలోంచి అడిగితే మొదటిది రెండు గడియార చక్రాలు ఆగమంటుంది, రెండోది ముప్ఫై. చక్రం చిన్నదైంది, సంఖ్య పెరిగింది. రెండుచోట్లా నిరీక్షణ 10 నానోసెకన్లే. నానోసెకను ఎంతో చూపడానికి గ్రేస్ హాపర్ సుమారు 30 సెంటీమీటర్ల తీగముక్కలు పంచేది. కాంతి అంతలో వెళ్లే దూరం అది. ఆ లెక్కన ఈ నిరీక్షణ మూడు మీటర్లు, దాదాపు సగం చీర.

హాపర్‌కీ, అపోలో ప్రోగ్రాముల బృందాన్ని నడిపిన మార్గరెట్ హామిల్టన్‌కీ 2016లో అమెరికా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చింది. హాపర్‌కి మరణానంతరం. ఆ గౌరవానికి నేనూ సంతోషించాను. కానీ మనం, స్త్రీవాదులం, తవ్వి తీస్తున్న చరిత్ర కూడా పట్టా ఉన్నవాళ్ల దగ్గరే ఆగిపోతోందేమో చూసుకోవాలి. ప్రోగ్రాము రాసినామెకు పేరుంది. దాన్ని తీగలతో నేసినామె ఫొటో కింద 'ఒక కార్మికురాలు' అని ఉంటే మనకూ సరిపోతోందా? కూలి రిజిస్టర్లు, యూనియన్ కాగితాలు, వాళ్ల పిల్లల జ్ఞాపకాలు వెతకడం నిదానమైన పని. ఆ పని మనం చెయ్యకపోతే, మన పట్టికల్లోనూ వాళ్లకు గడి ఉండదు.