బెల్లం, పంచదార: ఒకే చెరకు బిడ్డలు

షుగరు వ్యాధి ఉన్న పెద్దలు మీ ఇంట్లో “నాది బెల్లం కాఫీయే కదా” అంటున్నారా? అయితే ఈ కథ వినిపించండి.

చెరకు రసాన్ని పెనంలో కాచి, మడ్డితో సహా గడ్డకట్టిస్తే బెల్లం. మడ్డి తీసేస్తే పంచదార. జావా పంచదార పోటీ నుంచి మన మిల్లులను కాపాడటానికి 1932లో చట్టం వచ్చింది. 1933లో కన్నడ నాట మండ్యలో మైసూరు షుగర్ కంపెనీ వెలిసింది. మిల్లు పంచదార పల్లెల దాకా పాకింది; బెల్లానికేమో ‘పాతకాలపు మంచి’ అనే పేరు మిగిలింది.

ఆ పేరు సగమే నిజం. బెల్లంలో కాస్త ఇనుము, ఖనిజాలు ఉంటాయి, కాదనను. కానీ అందులో అత్యధిక భాగం పంచదారలోని సుక్రోజే. చెంచాడు బెల్లంతో వచ్చే ఇనుమెంత? రక్తంలో షుగరు మాత్రం పెరుగుతుంది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, కాఫీలో మనం కలుపుకునే తీపితో పాటు తేనెను, పండ్ల రసాలను కూడా ఒకే పద్దులో వేసింది.