పాత యింటికి క్రొత్త గది

కోస్తా గ్రామములలో పూర్వము కుటుంబము పెరిగినపుడు వేరొక యిల్లు కట్టుటకంటె, ఉన్న మండువా లోగిలికి గదియో వసారాయో చేర్చుటయే వాడుక. కుమారునికి పెండ్లి కుదిరినదనగా పురోహితుని పిదప కబురందునది మేస్త్రీకే.

కాగితముపై పటము లేదు. మేస్త్రీ దొడ్డిలో కొలిచి ముగ్గుతో గీతలు వేసెడివాడు. ఇల్లాలు వాని నడుమ నిలిచి, మంచము పట్టునా, వెలుతురు వచ్చునా యని చూచుకొనెడిది. అడ్డుచెప్పవలసినచో అప్పుడే చెప్పవలెను. పునాది త్రవ్విన పిదప ప్రతి మాటకును ఖర్చే.

దినకూలియైన పని నిదానముగా సాగి భారము యజమానిపై పడును. గుత్తయైన త్వరగా ముగియును గాని, గానుగలో సున్నము తగినంత నలిగినదా యని కాచుకొనవలెను. సరకు యజమానిది, పని మేస్త్రీది యను ఒడంబడికయే మేలైనది.

అసలు చిక్కు పాతక్రొత్తల కలయికలో నున్నది. పాతగోడ ఏనాడో క్రుంగి కుదురుకొన్నది. క్రొత్తది ఇంకను క్రుంగవలసియున్నది. అతికిన చోట బీట తప్పదు. ఎరిగిన మేస్త్రీ పునాదిని ఒక వానకాలము విడిచి గోడ ఎత్తుదుననెడివాడు. ముహూర్తము ఆగునా?

పైకప్పుదీ అదే తగవు. 1865లో బాసెల్ మిషన్ వారు మంగళూరులో కర్మాగారము స్థాపించిన పిదప బిళ్ళపెంకు క్రమముగా వ్యాపించినది. పాతకప్పుపై గూనపెంకు, క్రొత్తదానిపై బిళ్ళపెంకు. రెండును ఒకదానితో నొకటి పొసగవు. నడుమ తాటిదోనె, తరువాతి కాలమున జింకురేకు అమర్చెడివారు. తొలివాన రాత్రి ఇంటివారు లాంతరుతో ఆ దోనె క్రింద మేల్కొనియుండెడివారు. మేస్త్రీకి మిగిలిన సొమ్మును ఆ వాన చూచిన పిదపనే చెల్లించినవారును కలరు.